ముప్పై రెండు ఫ్యాన్ల గది

షెడ్ల వాడలో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా ఉండేది కాదు. మోటార్లు బాగుచేసేవాళ్ళు ఆ వాడలో ఇంకో ఐదారుగురు ఉన్నారు. వాళ్ళు మీటర్లు పెడతారు, విప్పుతారు, విప్పాక తల గోక్కుంటారు. మేస్త్రి విప్పడు. తిరుగుతున్న మోటారు ఒంటికి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుంటాడు. గ్లాసుడు టీ తాగినంతసేపు కూడా పట్టదు. "ఫ్యాను వైపు బేరింగు. ఇంకో నెల లాగుతుంది," అంటాడు. నెలకి వారం అటో ఇటో అది పోయేది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన తిన్న తిండి ఆ చెవి పెట్టిన తిండి. ఆయన బాగుందంటే చాలు, ఫ్యాక్టరీల వాళ్ళు మారుమాట లేకుండా మోటారు ఎక్కించుకుని పోయేవారు.

వినడం ఆయనది, చుట్టడం భార్యది. కాలిన రాగి తీగ పీకేసి కొత్తది చుట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు. ఒక్కో చుట్టుకీ పెదాల మధ్య లెక్కపెట్టుకునేది. డెబ్బై ఆరు చుట్లంటే డెబ్బై ఆరే. ఆమె పొరపాటున ఒక అంకె మింగేస్తే, షెడ్డు అవతలి మూల బేరింగు లాగుతున్న మేస్త్రి తల ఎత్తకుండానే "అరవై నాలుగు ఏమైంది?" అనేవాడు. "ఆకలేసి తినేశాను," అనేది ఆమె, ఇంకో చుట్టు కలుపుతూ. వాళ్ళ కాపురంలో సరసమంటే అదే.

ఆ కాపురంలోకి యంత్రాలను మోసుకొచ్చినవాడు బావమరిది. అక్క కన్నా పదేళ్ళు చిన్న. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఒకటి ఉండేది, దాన్ని గాలికొదిలేసి కంప్యూటర్ నాణేల తవ్వకం మీద పడ్డాడు. ఒకరోజు మధ్యాహ్నం చేతిలో కాగితంతో వచ్చి, బావకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని విషయం విడమరిచి చెప్పాడు. ప్రపంచం నిండా ఈ యంత్రాలు ఆగకుండా ఒక అంకె కోసం వెతుకుతుంటాయట. పది నిమిషాలకోసారి ఎవడికో ఒకడికి దొరుకుతుందట. దొరికినవాడికి నాణేలు, అమ్ముకుంటే డబ్బు. మనబోటి చిన్నవాళ్ళు గుంపు కడతారు, గుంపులో ఎవడికి దొరికినా, ఎవడు ఎంత వెతికాడో అంత మేరకు పంచుకుంటారు. మనం చెయ్యాల్సిందల్లా కరెంటు ఇవ్వడం, ఫ్యాన్లు ఆగకుండా చూసుకోవడం. మేస్త్రి షెడ్డుకి మూడు ఫేజుల కనెక్షను ఉంది, ఫ్యాక్టరీ రేటు కరెంటు ఉంది, ఫ్యాన్ల ఆనుపానులు తెలిసిన మనిషి ఉన్నాడు. ఇంకేం కావాలి?

కాగితం మీద లెక్క ఉంది. ఎనిమిది పాత యంత్రాలు, వాటి ధర, కరెంటు ఖర్చు, రోజుకి వచ్చేది. దాన్ని మూడేళ్ళ రోజులతో హెచ్చవేసి, అడుగున రెండు గీతల మధ్య మొత్తం. మేస్త్రి అంతా చూసి ఒక్క ప్రశ్న అడిగాడు.

"రోజూ ఇంతే వస్తుందా?"

"యంత్రం వేగం ఎందుకు తగ్గుతుంది బావా? ప్లేటు మీద రాసే ఉందిగా."

మోటారు మేస్త్రికి ఆ మాట చాలు. ప్లేటు మీద పది హార్స్‌పవర్ అని ఉంటే ఆ మోటారు ఇక్కడ తిరిగినా పదే, పక్క ఊళ్ళో తిరిగినా పదే. పక్కింటివాడు మోటారు కొన్నాడని మన మోటారు బలం తగ్గదు. ప్లేట్లు చదివి బతికినవాడు ఇంకోలా ఆలోచించలేడు. కానీ ఈ తవ్వకం అలాంటిది కాదు. ఇక్కడ పక్కవాడు యంత్రం పెడితే మన వాటాలో కోత పడుతుంది. వెతికేవాళ్ళు పెరిగేకొద్దీ అంకె తొందరగా దొరికిపోకుండా, ఆ నెట్‌వర్కు రెండు వారాలకోసారి తనంతట తానే బిగుసుకుంటుంది. ఎంత బిగిసిందో చెప్పే అంకెని డిఫికల్టీ అంటారు. బావమరిది కాగితంలో ఆ డిఫికల్టీని ఆ రోజు ఉన్నచోటే మేకు కొట్టి మూడేళ్ళు నిలబెట్టేశాడు. వాడు మోసం చెయ్యాలని కాదు, లెక్క కట్టిన వెబ్‌సైటు అలాగే కట్టింది. ఆ వెబ్‌సైటు నడిపేది యంత్రాలు అమ్మేవాళ్ళు. రెండు వారాల తర్వాత ఏమవుతుందో వాళ్ళకెందుకు? యంత్రం అమ్మినవాడికి ఏ రోజూ నష్టం రాలేదు.

భార్యకి ఆ కాగితం నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పలేకపోయింది, పైగా తెచ్చింది తమ్ముడు. పక్క షెడ్డు కొందామని దాచుకున్నదంతా తీసి, బావమరిది కొట్టు సామాను అమ్మగా వచ్చింది కలిపి, యంత్రాలు దించారు.

వెనక గది ఆమె కాయిళ్ళు చుట్టుకునే గది. ఆమెని ముందు వసారాలోకి మార్చి అక్కడ ఇనప ర్యాకులు బిగించారు. యంత్రం చూడ్డానికి చెప్పుల పెట్టె కన్నా కాస్త పెద్దది. ముందు రెండు ఫ్యాన్లు, వెనక రెండు. ఎనిమిదింటికి ముప్పై రెండు. మొదటిరోజు అన్నీ కలిపి ఆన్ చేయగానే గుమ్మంలో పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయింది. జుయ్యిమని మొదలై, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి అరుస్తున్నట్టు పెరిగి, ఇక దిగలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి పెదాలు కదులుతాయి, మాట మాత్రం దారిలో ఎక్కడో పడిపోతుంది.

బావమరిది చెవులకి పెట్టుకునే కప్పులు కొనుక్కొచ్చాడు. మేస్త్రి వాటిని అటూ ఇటూ తిప్పి చూసి మేకుకి తగిలించాడు.

"చెవులు మూసుకుని ఫ్యాన్లు ఎలా చూడమంటావురా? కళ్ళతోనా?"

ఆయన చేసిన తప్పు అదే. ఇంకొకడైతే ఆ గదిలోకి రోజుకోసారి దుమ్ము దులపడానికి వెళ్ళి, తలుపేసుకుని వచ్చేవాడు. ఫ్యాను ఆగితే యంత్రం తనే ఆగుతుంది, ఫోనుకి కబురొస్తుంది, అప్పుడు తీరిగ్గా మారుస్తాడు. మేస్త్రికి అది నామోషీ. ఫ్యాను ఆగాక తెలుసుకునేవాడు మేస్త్రి ఎలా అవుతాడు? రేపు పోయేదాన్ని ఈరోజే వినాలి. కుర్చీ వేసుకుని ఆ గదిలోనే కూర్చున్నాడు. మొదట గంట, తర్వాత పూట, ఆ తర్వాత భోజనం కూడా అక్కడికే. ఆ హోరులోంచి ఒక్క ఫ్యాను గొంతులో తేడాని దారప్పోగులా లాగి పట్టుకునేవాడు. "మూడోదాని వెనక ఎడమది," అని, విప్పి, అరిగిన బేరింగు బావమరిది అరచేతిలో పెట్టేవాడు. వాడు నోరెళ్ళబెట్టేవాడు. నాలుగు నెలల్లో ఏ యంత్రమూ ఒక్క గంట ఆగలేదు. కాగితం చెప్పినంతా వచ్చింది. వాళ్ళని ముంచింది ఆ నాలుగు నెలలే. మొదటి నెలే నష్టమొచ్చి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాళ్ళు.

ఐదో నెలలో డిఫికల్టీ ఎగబాకింది. రెండు వారాలు గడిచాయి, మళ్ళీ ఎగబాకింది. అదే కరెంటుకి రెట్టింపు వెతికే కొత్త యంత్రాలు వచ్చాయి. ఎక్కడో డ్యాముల పక్కన, దాదాపు ఊరికే వచ్చే కరెంటుతో, ఒక్కో షెడ్డులో పదేసి వేల యంత్రాలు పెట్టినవాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఈ ఎనిమిది ఈగంత కూడా కావు. కానీ కోత పడింది ఈగ వాటాలోనే. యంత్రాలు ప్లేటు మీద రాసినంత వేగంగానే పనిచేశాయి. అరుపు ఇసుమంత తగ్గలేదు, కరెంటు తగ్గలేదు. వచ్చేది మాత్రం సబ్బుబిళ్ళలా అరిగిపోయింది. పొద్దున్నే ఫోను చూసి ఇంత వచ్చిందని గట్టిగా చదివే బావమరిది, చదవడం మానేసి ఫోను బావ చేతికివ్వడం మొదలుపెట్టాడు.

మేస్త్రికి తెలిసిన మందు ఒకటే. నీళ్ళు చాలకపోతే పంపు వేగం పెంచాలి. బావమరిది చేత సెట్టింగులు మార్పించి యంత్రాల వేగం పెంచాడు. వేడెక్కాయి. ఫ్యాన్లన్నిటినీ పూర్తి వేగంలో పెట్టించాడు. చాల్లేదు. చప్పుడు బయటికి రాకుండా కిటికీలకి కొట్టిన పాత పరుపులు గాలికి అడ్డమని పీకేశాడు. హోరు ఇంకో మెట్టెక్కింది. అంత వేగానికి బేరింగులు త్వరగా అరుగుతాయి గనక ఇంకా ఎక్కువసేపు కూర్చుని విన్నాడు.

ఆ హోరులో రిపేరుకొచ్చిన మోటారు గొంతు తెలిసేది కాదు. దాన్ని తోపుడు బండి మీద వీధి మలుపు దాకా తోసుకుపోయి, అక్కడి టీ కొట్టులో కరెంటు అడుక్కుని, నేలమీద చతికిలబడి వినేవాడు. "మేస్త్రి మోటారుని షికారు తిప్పుతున్నాడు," అనేవాడు ఎదురు షెడ్డు వెల్డరు. ఆయనా నవ్వేవాడు. వచ్చే మోటార్లు తగ్గుతున్నాయని ఆయనకి తెలుసు. నాలుగు రోజులు ఓపిక పడితే యంత్రాలు గట్టెక్కిస్తాయని సర్దిచెప్పుకునేవాడు.

సంగతి ముందు కనిపెట్టింది భార్య. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి హోరు ఆగింది. ఆమె వసారాలో కాయిలు చుడుతోంది, ఆయన నాలుగడుగుల దూరంలో కూర్చుని పంపు షాఫ్టుకి గ్రీజు పూస్తున్నాడు. ఆమె యాభై అనడం మరిచిపోయి యాభై ఒకటికి వెళ్ళిపోయింది. ఆయన ఏమీ అనలేదు. పనిలో పడ్డాడనుకుంది. ఇంకాస్త చుట్టి, ఈసారి కావాలని అరవై తర్వాత డెబ్బై రెండు అంది. ఆయన గ్రీజు పూస్తున్నాడు. ఆమె గొంతు కొంచెం పెంచి, "డెబ్బై మూడు, పదకొండు, మూడొందలు," అంది. ఈగ వాలితే తెలిసేంత నిశ్శబ్దం షెడ్డులో. ఆయన షాఫ్టు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కరెంటు ఎప్పుడొస్తుందో అన్నాడు. ఆమె చుట్టిందంతా విప్పేసి మొదటినుంచీ చుట్టింది.

వారం తర్వాత అడిగింది. భోజనం పళ్ళెం పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, ఆయన్ని రెక్క పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చి అడిగింది.

"ఏమయ్యా, నీకు సరిగ్గా వినబడుతోందా?"

"నువ్వే ఈమధ్య గొణుగుతున్నావు."

"నేను గొణగడం కొత్తా? ఒక్క నెల ఆ గదిలోకి పోకు. వాటిని ఆపెయ్."

ఇప్పుడు ఆపితే ఇన్నాళ్ళూ పడిందంతా బూడిదలో పోసినట్టేనని ఆయన నచ్చజెప్పాడు. నష్టమొచ్చిన చిన్నవాళ్ళు ఒక్కొక్కరే ఆపేస్తున్నారట, వాళ్ళు తప్పుకుంటే డిఫికల్టీ దానంతటదే దిగుతుందట, అప్పటిదాకా నిలబడ్డవాళ్ళకి మళ్ళీ వాటా పెరుగుతుందట. ఆమె తమ్ముడే చెప్పాడట.

"మిగతావాళ్ళంతా కూడా ఇలాగే, పక్కవాడు ఆపుతాడని కూర్చుని ఉంటే?" అంది ఆమె.

ఆయన పళ్ళెంలోకి చూస్తూ తింటున్నాడు. వినబడలేదో, వినబడి జవాబివ్వలేదో ఆమెకి తెలియలేదు. కాపురానికొచ్చాక అలా తెలియకపోవడం అదే మొదలు.

రెండు నెలలు గడిచాయి. ఐసు ఫ్యాక్టరీ మేనేజరు కబురు పెట్టాడు. కంప్రెసరు తిప్పే పెద్ద మోటారు, దాన్ని ఒకసారి చూసిపెట్టమని. మేస్త్రి వెళ్ళాడు. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని విన్నాడు. శుభ్రంగా ఉంది, ఏడాది దాకా ముట్టుకోనక్కర్లేదన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం బేరింగు ముక్కలై, మోటారు బిగుసుకుపోయి, వైండింగంతా కాలి బొగ్గయింది. కొత్త మోటారు దొరికేసరికి రెండు రోజులు. గదుల్లో ఐసంతా కరిగిపోయింది. జనం దాచుకున్న చేపలన్నీ కుళ్ళి, కూలీలు ముక్కులకి గుడ్డలు కట్టుకుని పారలతో ఎత్తిపోశారు.

మేనేజరు షెడ్డుకి వచ్చాడు. పోట్లాటకి వచ్చాడనుకుని ఆమె పని వదిలేసి అడ్డంగా నిలబడింది. అతను పోట్లాడలేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

"మా ఆపరేటరు రెండు వారాల నుంచీ చెబుతున్నాడు మేస్త్రీ, సన్నగా కీచుమంటోందని. అందుకే నిన్ను పిలిచాను. నువ్వు బాగుందన్నాక కూడా వాడు వినబడుతోందన్నాడు. నేనే కసిరాను. మేస్త్రి విన్నాక నువ్వెవడివిరా అన్నాను."

మేస్త్రి ఆ పెదాలనే చూస్తూ అంతా అందుకున్నాడు. అతను తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలియదని చెప్పి వెళ్ళిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి ఆమే తీసుకెళ్ళింది. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినబడ్డప్పుడల్లా నొక్కాలి. మొదట గబగబా నొక్కాడు. తర్వాత ఆగాడు. డాక్టరు బయట పెట్టె మీద నాబులు తిప్పుతూనే ఉంది, శబ్దాలు పంపుతూనే ఉంది. ఆయన బొటనవేలు మీట మీద సిద్ధంగా పెట్టుకుని, రాని బస్సు కోసం చూస్తున్నవాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె అద్దం ఇవతల్నుంచి ఆ బొటనవేలినే చూసింది. అది కదల్లేదు.

డాక్టరు కాగితం మీద గీత చూపించింది. గీత కొంతదూరం నిదానంగా నడిచి, అక్కణ్ణుంచి గోతిలోకి పడిపోయింది. లారీలు, తలుపులు, బరువు గొంతులు వినబడతాయి. సన్నటి శబ్దాలు పోయాయి. వాటిని వినే నరం చచ్చింది, అది మళ్ళీ పుట్టదు. చెవి మిషను పెట్టుకుంటే మాటలు కొంత మెరుగు. ఇదంతా డాక్టరు గట్టిగా, నెమ్మదిగా చెప్పింది.

"బేరింగు కూత?" అని అడిగాడు మేస్త్రి.

డాక్టరుకి అర్థం కాలేదు. భార్య వివరించింది. అంతా విని డాక్టరు ఆయన కేసి కాదు, భార్య కేసి తిరిగి చెప్పింది. "అన్నిటికన్నా ముందు పోయేది అదేనమ్మా."

షెడ్డుకి తిరిగొచ్చేసరికి బావమరిది ఫోను ఊపుకుంటూ ఎదురొచ్చాడు. డిఫికల్టీ దిగిందట, రెండు శాతం. తొమ్మిది నెలల్లో మొదటిసారి. తను చెప్పినట్టే జనం ఆపేస్తున్నారట. ఆమె వాణ్ణి పక్కకి నెట్టి, చెప్పులైనా విప్పకుండా లోపలికి పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగింది. హోరు మెట్లు దిగినట్టు దిగి ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి రెక్కలు నిలిచిపోయిన ఫ్యాన్లని కళ్ళతో చూసి, అప్పుడు నమ్మాడు.

"నాకు ఇంకా మోగుతూనే ఉంది," అన్నాడు.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, కరెంటు రాశావు, ధర రాశావు, మూడేళ్ళు రాశావు. నీ కాగితంలో మనిషిని ఎక్కడ రాశావురా?"

వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. వాడి కొట్టూ పోయింది, వాడి కాగితమూ పోయింది, కానీ ఆ సంగతి ఆ పూట అక్కడ చెప్పుకునేది కాదు. విషయం ఏమిటో వాళ్ళ ముఖాలు చూసి అర్థం చేసుకున్న మేస్త్రి, "వాణ్ణి అనకు. కప్పులు తెచ్చింది వాడేగా," అన్నాడు.

యంత్రాలు కొనేవాడు లేడు. కొత్తవి వచ్చాక ఆ రకాన్ని ఆడిస్తే కరెంటుకే చాలదు, అందరూ అవే అమ్ముతున్నారు. చివరికి పాత ఇనప సామాను కొనేవాడొచ్చి, ఒకదాన్ని విప్పి, లోపలి రేకుల్ని వేలితో తట్టి, అల్యూమినియం బాగుందన్నాడు. తూకం వేసుకుని పట్టుకుపోయాడు. భార్య తన సామాను తిరిగి వెనక గదిలోకి చేర్చుకుంది. బావమరిది ఎక్కడో సెల్‌ఫోన్ల కొట్టులో జీతానికి కుదిరాడు. అక్క ఇంటికి రావడం తగ్గించాడు.

మోటార్లు రావడం దాదాపు ఆగిపోయింది. ఐసు ఫ్యాక్టరీ సంగతి వాడంతా పాకింది. అయినా ఒకరోజు లాండ్రీ నడిపే ఆవిడ బట్టలు తిప్పే పీపా మోటారు ఒకటి తీసుకొచ్చి దించింది. తిరుగుతోంది గానీ ఏదో తేడాగా ఉందట, ఏంటో చెప్పమంది. మేస్త్రి దాన్ని బల్ల మీదకి ఎక్కించి, వైర్లు కలిపి, తిప్పి, పక్కకి జరిగాడు. భార్యని రమ్మని చెయ్యి ఊపాడు.

ఆమె వంగి వింది. చాలాసేపు వింది. "చప్పుడొస్తోంది. ఏం చప్పుడో నాకెలా తెలుస్తుంది?" అంది, పెదాలు ఆయనకి కనబడేలా.

ఆయన ఆలోచించాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ ఇది చెప్పింది లేదు. చెప్పడానికి మాటలూ లేవు, ఆయనకి ఎప్పుడూ అవసరం పడలేదు. మోటారు ఆపేసి, ఆమెకి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, నోటితో మొదలుపెట్టాడు. గ్రీజు ఎండిపోతే ఇలా అంటుందని గొంతులోంచి గరగరలాడించాడు. బేరింగు లోపల గుళ్ళని పట్టి ఉంచే పంజరం విరిగితే ఇలా అని నాలుకతో టకటకమనిపించాడు. తీగ వదులైతే ఇలా అని పెదాలు మూసి గుయ్యిమన్నాడు. అరవై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి బుగ్గలు పూరించి మోటార్లలా కూస్తుంటే లాండ్రీ ఆవిడ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. భార్య నవ్వలేదు. ఒక్కోదానికీ తలూపి, తిరిగి తనూ చేసి చూపించింది. ఆయన ఆమె మెడ మీద చెయ్యి వేసి, అదురు చూసుకుని, సరేనన్నాడు.

"ఇవన్నీ చచ్చాక ఏడుపులు," అన్నాడు. "అసలైంది ఇంకోటుంది. నెల ముందు వస్తుంది. అది పట్టుకుంటే మోటారు బతుకుతుంది. జాగ్రత్తగా విను."

నాలుక కొసని పై పళ్ళ వెనక పెట్టి, పెదాలు సన్నగా సాగదీసి, ఊపిరి వదిలాడు. ఆమెకి గాలి వినబడింది. గాలి తప్ప ఏమీ లేదు. ఆయన ముఖంలో మాత్రం, పని సరిగ్గా కుదిరిన మనిషి నెమ్మది. మళ్ళీ ఊదాడు, ఈసారి ఇంకా సన్నగా, ఒక వేలు పైకెత్తి, అదిగో అన్నట్టు. ఆమె స్టూలు ముందుకి జరుపుకుని, చెవిని ఆయన నోటికి ఆనించినంత దగ్గరగా పెట్టింది. ఆయన ఊపిరి ఉన్నంతసేపూ ఊదాడు.

"విన్నావా?"

ఆమె తల తిప్పి, ముఖం ఆయనకి కనబడేలా పెట్టింది.

"విన్నాను."

"అదే. బాగా గుర్తుపెట్టుకో," అన్నాడు మేస్త్రి.